అంచు కోసిన ఉత్తరం

ఉత్తరం పొట్టిదైపోయింది.

ఇంకెవరైనా అయితే కనిపెట్టేవారు కాదు. కానీ దాన్ని మోకాలి మీద పరుచుకుని కూర్చున్నవాడు ఇరవై రెండేళ్ళు పుస్తకాలు బైండు చేసినవాడు. కాగితం చేతికి తగిలితే చాలు, దాని కొలత అతనికి తెలిసిపోతుంది. బైండరు ఎడమచేత్తో ఒక తెల్ల ఫుల్‌స్కేప్ కాగితం తీసి, ఉత్తరాన్ని దాని మీద పెట్టి, కింది అంచులు రెండూ కలిపాడు. పైన ఒక వేలు వెడల్పున తెల్ల కాగితం బయటికి కనబడింది.

సరిగ్గా ఆ వేలు వెడల్పులోనే మొన్నటిదాకా ఇంగ్లీషులో టైపు కొట్టిన రెండు మాటలు ఉండేవి.

"ఇటు రా ఒకసారి," అన్నాడు.

భార్య గుమ్మం దగ్గర కూర్చుని పుస్తకాల అచ్చు ఫారాలు మడుస్తోంది. ఐదు నెలలుగా ఆ ఇల్లు గడుస్తున్నది ఆ మడతల మీదే.

"చేతిలో పని ఉందండీ. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి."

"రమ్మన్నాను."

ఆ గొంతు విని ఆమె లేచి వచ్చింది. అతను ఉత్తరం చూపించాడు.

"పైన ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"ఏ ముక్కో నీకు తెలీదా? ప్లీడరుగారి దగ్గర నా పక్కనే కూర్చుని అడిగావు. 'ఆ మాట లేకపోతే ఏమవుతుందండీ' అని అడిగావా లేదా?"

"అడిగాను. అడిగితే కోసినట్టేనా?"

"మరి నేను కోశానా? దీంతోనా?"

అతను కుడిచెయ్యి ఎత్తి ఆమె మొహం ముందు పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయి. మిగతా మూడు వేళ్ళూ ఐదు నెలల కిందట అన్న షాపులో, కటింగ్ మెషిన్ కత్తి కింద పోయాయి. ఆ చెయ్యి అలా ఎత్తినప్పుడు ఆమె ఎప్పుడూ చూపు తిప్పుకోదు. ఈసారీ తిప్పుకోలేదు.

"నిజం చెప్పనా? నాకు ఆలోచన వచ్చింది. రెండుసార్లు కత్తెర పట్టుకున్నాను కూడా. చెయ్యి రాలేదు. అంతే. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి."

ఆమె వెళ్ళి మళ్ళీ ఫారాల ముందు కూర్చుంది. గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారు కదల్లేదు. నిద్రపోతున్నట్టే ఉంది, కానీ ఆ ఇంట్లో పగటిపూట ఆవిడ నిద్రపోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

తెల్లవారితే అన్న మీద అతను వేసిన నష్టపరిహారం కేసుకి వాయిదా.

ఆ ఉత్తరం అన్న రాసింది. ముత్యాల్లాంటి సొంత దస్తూరీతో రాశాడు. 'ఆ రోజు మెషిన్‌కి గార్డు తీసింది నేనే. లావు రిజిస్టర్లు పట్టడం లేదని పొద్దున్నే తీశాను. నీకు చెప్పడం మర్చిపోయాను. నీ చెయ్యి అలా అవడానికి కారణం నేనే' అని రాశాడు. చెయ్యి కత్తి కిందికి పోకుండా అడ్డుండే ఇనప కమ్మీని వాళ్ళు గార్డు అంటారు. అది ఉండి ఉంటే వేళ్ళు ఉండేవి.

కోర్టుకి మాత్రం అన్న ఇంకోలా రాసిచ్చాడు. 'మెషిన్ దగ్గర ఉన్నది మా తమ్ముడే. గార్డు సంగతి అతనికే తెలియాలి' అని. ఆ రెండు వాక్యాలతో బైండరు పని రాని మనిషైపోయాడు. నష్టపరిహారం సంగతి అలా ఉంచండి, ఒక్క పుస్తకం అంచు కూడా వంకరగా కోయని మనిషిని ఊళ్ళో బైండర్లందరూ 'అజాగ్రత్త మనిషట' అనుకుంటున్నారు. ఎడమచేత్తో చేయగల పని అడగడానికి వెళ్ళినా అదే మాట ముందు చేరిపోతోంది. అందుకే ఆ ఉత్తరం వచ్చిన రోజు అతనికి ప్రాణం లేచొచ్చింది.

రిజిస్టర్ పోస్టులో వచ్చింది. పైన టైపు కొట్టిన ఆ రెండు మాటలు ఎవరికీ అర్థం కాలేదు. డిగ్రీ చదివే కూతురుంది, ఇంట్లో అందరూ దాన్ని డిక్షనరీ అనే పిలుస్తారు. అది నిజం డిక్షనరీ తెచ్చి వెతికింది. 'వితౌట్' అంటే లేకుండా. 'ప్రిజుడిస్' అంటే దురభిప్రాయం.

"దురభిప్రాయం ఏమీ లేకుండా రాస్తున్నాను అని పెట్టాడు నాన్నా, పెదనాన్న!" అంది.

ఆ సాయంత్రం బైండరు కడుపునిండా తిన్నాడు. అన్నయ్య మనసులో ఏమీ పెట్టుకోలేదని నలుగురికీ చెప్పుకున్నాడు. పాపం, ఒక్క పూట.

మర్నాడు ప్లీడరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ మాటకి డిక్షనరీలో అర్థం వేరు, కోర్టులో వాడకం వేరు అన్నారు.

"గొడవపడ్డ ఇద్దరు రాజీకొచ్చేటప్పుడు భయం లేకుండా మాట్లాడుకోవాలి కదయ్యా. అందుకని ఈ మాట పెడతారు. నా హక్కులకి భంగం లేకుండా రాస్తున్నాను అని దాని అర్థం. రాజీ కుదిరిందా, సరే. కుదరలేదా, కింద ఏం రాసి ఉన్నా సరే, దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా జడ్జిగారికి చూపించడానికి వీల్లేదు."

"అంటే మా అన్నయ్య తప్పు ఒప్పుకున్నట్టాండీ, ఒప్పుకోనట్టా?"

"మీ దగ్గర ఒప్పుకున్నట్టు. కోర్టు దగ్గర ఒప్పుకోనట్టు."

అప్పుడే అతని భార్య ఆ ప్రశ్న అడిగింది. ప్లీడరుగారు అవతల మోగుతున్న ఫోన్ అందుకుంటూ, "ఆ మాట లేకపోతే వేరే సంగతి" అని ఊరుకున్నారు. చదువుకున్నవాళ్ళు సగం మాట చెప్పి ఫోన్ ఎత్తితే, మిగతా సగం వినేవాళ్ళు తమకు తోచినట్టు పూర్తి చేసుకుంటారు.

*

ప్లీడరుగారి గది మందుల షాపు పైన ఉంది. మూడింటికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మెట్లెక్కారు.

ఫైల్లో పెట్టుకోవడానికి అసలు ఉత్తరం తెమ్మన్నారాయన. చేతిలోకి తీసుకుని, పైన చూశారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ పైన చూశారు.

"ఎవరిదయ్యా ఈ ఘనకార్యం?"

బైండరు నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు కోశారు?"

"నేనేనండీ," అంది భార్య.

బైండరు తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"ఏమ్మా, ఆ మాట ఏమైనా తాళం అనుకున్నావా, ఊడగొడితే తలుపు తెరుచుకోడానికి? చివర ఏం రాశాడో చదివారా మీరసలు? 'కేసు వదిలెయ్యి, కూర్చుని మాట్లాడుకుందాం, నీకు అన్యాయం జరగనివ్వను.' ఇదమ్మా రాజీ మాట. ఇది ఉన్నంతకాలం పైన ఆ రెండు ముక్కలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇది రాజీ ఉత్తరమే!"

"మరి మీరు ఆ రోజు వేరే సంగతి అన్నారు..."

"అన్నాను. మిగతాది వినకుండా ఇంటికెళ్ళి కత్తి పట్టుకోమన్నానా?" ఆయన ఉత్తరాన్ని బల్ల మీద పడేశారు. "దీని జిరాక్సు అవతలి ప్లీడరు దగ్గర భద్రంగా ఉంటుంది. రేపు ఇది నేను బయటికి తీశాననుకో, వాళ్ళు అది తీస్తారు. రెండూ పక్కపక్కన పెడతారు. ఉత్తరం ఎవరి దగ్గర ఉంది? మీ దగ్గర. కోసింది ఎవరు? మీరే. ఇక గార్డు గురించి మీరు ఎంత మొత్తుకున్నా ఎవరు నమ్ముతారు? చెయ్యి పోగొట్టుకున్న మనిషిగా రావాల్సినవాడివి, కాగితాలు కోసే మనిషివై కూర్చుంటావు."

ఫ్యాను టకటకలాడుతూ తిరుగుతోంది. బైండరు ఏం చెయ్యాలో తోచక ఉత్తరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అలవాటు చొప్పున కోసిన అంచు మీద బొటనవేలు నడిపించాడు.

మధ్యలో వేలికి ఏదో తగిలింది.

వెలుతురుకి ఎత్తి చూశాడు. అంచు నున్నగా, తిన్నగా ఉంది. కత్తెరతో కోసిన అంచు కాదది. బ్లేడుతో కోసిందీ కాదు. మధ్యలో ఒక్కచోట మాత్రం కాగితం చిన్న పన్నులా బయటికి పొడుచుకొచ్చింది, బియ్యపు గింజలో సగం కూడా లేదు. కత్తికి గంటు ఉంటే అంచు అలా వస్తుంది.

ఆ గంటు ఏమిటో అతనికి తెలుసు. నాన్న బతికున్నప్పుడు పాత మెషిన్ నట్లు రెండు అరగదీసి, కొడుకులిద్దరికీ చెరో ఉంగరం చేయించాడు. ఉక్కు ఉంగరాలు. ఆ రోజు కత్తి వేళ్ళతో పాటు తన ఉంగరం మీద కూడా పడి, దానికి గంటు పడింది. అప్పటినుంచీ అన్న షాపులో కోసిన ప్రతి పుస్తకం అంచునా ఆ గంటు కనబడుతూనే ఉంది. పోయిన నెల పచారీ కొట్టువాడి రసీదు పుస్తకం మీద అదే గీత చూసి, సరుకులు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాడు.

ఉత్తరం కోసింది తన భార్య కాదు. ఆమె తనకోసం అబద్ధం చెప్పింది. ఒంటిగంటకి ఆమెను తను అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమిటయ్యా చూస్తున్నావు?"

"ఏం లేదండీ." చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఎవరి పేరు చెప్పాలి? "దీనికి ఇంక దారే లేదాండీ?"

"ఒకటుంది. రాసినవాడూ అందుకున్నవాడూ ఇద్దరూ సరేనంటే ఈ ఉత్తరం కోర్టులో చూపించవచ్చు. రేపు పదకొండింటికి మీ అన్నగారు నిలబడి 'చూపించుకోండి, నాకు అభ్యంతరం లేదు' అనాలి. ఆ ఒక్క మాట చాలు. అంటాడా?"

బైండరు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగాక అతను ఆగాడు.

"నువ్వు కోయలేదు."

"మధ్యాహ్నం నుంచీ అదే కదా చెప్తున్నాను."

"మరి లోపల అలా ఎందుకన్నావు?"

"మీరు తల వంచుకుని నిలబడ్డారు. చూడలేకపోయాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ముందుకి నడిచింది. "త్వరగా రండి. ఫారాలు ఇంకా సగం ఉన్నాయి."

*

"అమ్మా, నిన్న కళ్ళజోడు బాగుచేయించుకొస్తానని వెళ్ళావు కదా?" అన్నాడు బైండరు ఇంటికి రాగానే.

తల్లి లేచి కూర్చుంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. విరిగిన కాడకి కట్టిన నల్లదారం అలాగే ఉంది.

"వెళ్ళాను."

"ఎక్కడికి వెళ్ళావమ్మా?"

ఆవిడ కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. దాచడం చేతకాని మనిషి. ఒకరోజు దాచడానికే ఆవిడ మొహం పీక్కుపోయింది.

"పెద్దోడి దగ్గరికే వెళ్ళాను. ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. ఏం, తప్పా?"

కోడలు చేతిలో ఫారం వదిలేసింది. "నన్ను దోషిని చేసి అడుగుతుంటే గోడవైపు తిరిగి పడుకున్నారు కదా అత్తయ్యా! ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే వీడు ఆ పూటే ఆ ఉత్తరాన్ని అవతల పారేస్తాడేమోనని భయమేసింది తల్లీ." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "వాడి ముందు పెట్టి అడిగాను రా. 'పెద్దోడా, ఇదంతా నువ్వు రాసిందేనా?' అన్నాను. 'నేనే రాశానమ్మా' అన్నాడు. 'పైన ఈ ఇంగ్లీషు ముక్కలు?' అన్నాను. 'అవి నావి కావు, ప్లీడరు పెట్టించాడు' అన్నాడు. 'నీవి కానివి నీ ఉత్తరంలో ఎందుకురా? అక్కర్లేని అంచు ఉంటే మీ నాన్న ఏం చేసేవాడు?' అని అడిగాను. అంతే నేనన్నది."

"తర్వాత?"

"వాడు లేచాడు. మెషిన్ మీద పెట్టాడు. కోశాడు. నా చేతికిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడ్రా చిన్నోడా. నా కళ్ళతో చూశాను."

ఆవిడకి అది తప్పని తోచనే లేదు. పెళ్ళయి వచ్చింది మొదలు ఆ ఇంట్లో చూసింది ఒకటే: పుస్తకం కుట్టాక చుట్టూ అక్కర్లేని అంచు కోసెయ్యాలి, కోసినది తుక్కులో పొయ్యాలి, మిగిలిందే పుస్తకం. కోర్టు కాగితానికి కూడా అదే పద్ధతి అనుకుంది. ఆ ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

బైండరు ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నయ్య కోశాడు. తన చేత్తో తనే కోశాడు. డిక్షనరీ చూసిన సాయంత్రం కలిగిన సంతోషం లాంటిదే మళ్ళీ గుండెల్లో కదిలింది. ఆశకి సిగ్గుండదు.

"చూశావా? మనం అనుకున్నంత చెడ్డవాడేం కాదు అన్నయ్య," అన్నాడు.

"కళ్ళనీళ్ళు కోర్టులో పెట్టుకోమనండి," అంది భార్య. "మీ అమ్మ ముందు కాదు."

"అలా అనకమ్మా, వాడు నీకు బావగారు."

"బావగారే. కాదన్నానా? ప్లీడరు చెప్పింది మీరు వినలేదు అత్తయ్యా. కోయకముందు తీసిన నకలు వాళ్ళ దగ్గర ఉంది. రేపు మేం ఇది చూపిస్తే, మేమే కోశామంటారు. ఆయనకి ఆ సంగతి తెలీదా? తెలిసి కోశారా, తెలీక కోశారా? నాకదొక్కటి చెప్పండి."

"నా కొడుకు ఉచ్చు పన్నుతాడా?"

"మీ కొడుకు గార్డు సంగతి తమ్ముడికే తెలియాలని కోర్టుకి రాసిచ్చారు. అది నేను రాయలేదు కదా."

ముసలావిడ దారం కట్టిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోడలికి కూడా ఆ మాట అన్నాక మనసు చివుక్కుమంది, కానీ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడానికి అందులో అబద్ధం లేదు.

బైండరు చొక్కా మార్చుకున్నాడు. ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. భార్య సాయం రాబోతే వద్దన్నాడు.

"ఎక్కడికి?"

"అన్నయ్య దగ్గరికి. అడిగి వస్తాను."

"ఉత్తరం ఇక్కడ పెట్టి వెళ్ళండి."

అతను వినిపించుకోలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

దీపాలు పెట్టే వేళకి షాపు చేరాడు. షట్టరు సగం వేసి ఉంది. వంగి లోపలికి వెళ్ళాడు. ఐదు నెలల తర్వాత మొదటిసారి.

జిగురు వాసన, కొత్త అట్టల వాసన. గోడవారగా తను కుట్టి వదిలేసిన రిజిస్టర్లు కొన్ని అట్ట వెయ్యకుండా అలాగే ఉన్నాయి. మధ్యలో మెషిన్. దాని ముందు గార్డు ఉంది. ఎర్ర రంగు వేశారు. ఆ ఎరుపు చూడగానే అతనికి ఒళ్ళు మండింది, అంతలోనే జాలి కూడా వేసింది.

అన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కాడు.

"రా రా చిన్నా. కూర్చో. వదిన్ని టీ పంపమననా?"

"వద్దు. అమ్మ చెప్పింది."

అన్న తల వంచుకున్నాడు. వేలికున్న ఉక్కు ఉంగరాన్ని తిప్పుకుంటూ ఉండిపోయాడు.

"ఎందుకు కోశావు అన్నయ్యా?"

"ఆ మాటలు నావి కావు రా. కింద రాసింది నాది. నాది నీకు ఇచ్చాను. నువ్వు చూపించుకుంటావనే కోసిచ్చాను."

"అయితే రేపు ఆ మాటే అక్కడ చెప్పు. చూపించుకోండి, నాకు అభ్యంతరం లేదు అను. ఇంకేం అక్కర్లేదు. నీ మీద నాకు కోపం లేదు. డబ్బు కూడా నువ్వు ఎంతంటే అంతే. ఒక్కసారి నలుగురి ముందు, మా తమ్ముడిది తప్పు కాదు అను."

"ఆ మాట నా నోటితో చెబితే షాపు మూయిస్తారు రా. గార్డు తీసి పని చేయించానని నా మీద ఇంకో కేసు పెడతారు. ప్లీడరు చెప్పాడు. నీ వదినకి ఆరోగ్యం సంగతి నీకు తెలుసు."

"మరి ఉత్తరం చూపిస్తే మూయించరా?"

"ఉత్తరం సంగతి ప్లీడర్లు వాళ్ళూ వాళ్ళూ వాదించుకుంటారు. నేను నోరు విప్పక్కర్లేదు కదా."

బైండరు జేబులోంచి ఉత్తరం తీశాడు. తెరవకుండా చేతిలో పట్టుకున్నాడు.

"మీ ప్లీడరు దగ్గర దీని జిరాక్సు ఉందా?"

"ఉంది."

"రేపు నేను ఇది చూపిస్తే ఆయన అది తీస్తాడు. పైన ముక్క ఏమైందని అడుగుతారు. ఎవరు కోశారని అడుగుతారు. నిన్నూ అడుగుతారు అన్నయ్యా. అప్పుడేం చెప్తావు?"

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. అన్న ఉంగరం తిప్పడం ఆపాడు. గార్డు వైపు చూశాడు, అట్టల వైపు చూశాడు, తమ్ముడి మొహం తప్ప అన్నీ చూశాడు.

"అన్నయ్యా, నిన్నే. ఏం చెప్తావు?"

"ఉత్తరం ఉన్నది మీ ఇంట్లోనే కదరా," అన్నాడు అన్న చాలా నెమ్మదిగా.

బైండరుకి అన్న కోర్టుకి రాసిచ్చిన మాట గుర్తొచ్చింది. మెషిన్ దగ్గర ఉన్నది మా తమ్ముడే. ఉత్తరం ఉన్నది వాళ్ళ ఇంట్లోనే. అదే గొంతు, అదే పద్ధతి. అబద్ధం ఒక్కటీ ఉండదు అందులో. ఏడుస్తూ కోసిన మాట కూడా నిజమే అయి ఉంటుంది. ఆ కన్నీళ్ళు ఎందుకూ కొరగావు. తన అన్న ఇంతేనని, ఇంతకుమించి ఎప్పటికీ రాడని ఆ క్షణంలో అతనికి తెలిసింది. వేళ్ళు పోయిన రోజు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

ఉత్తరం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ మెషిన్ దగ్గర ఆగాడు. గార్డు సందులోంచి కత్తి కనబడుతోంది. మధ్యలో ఆ గంటు ఉంది. బల్బు వెలుతురులో స్పష్టంగా ఉంది.

"కత్తి ఇంకా మార్చలేదా?"

"చెయ్యి రాలేదు రా. కొత్తది తెచ్చి పెట్టాను. విప్పుదామని వెళ్ళినప్పుడల్లా నువ్వే కనిపిస్తావు."

ఆ మాటకి బైండరు కళ్ళు నిండాయి. చెప్పకూడనిది అప్పుడే చెప్పాడు.

"రేపటిదాకా మార్చకు అన్నయ్యా. నువ్వు ఏమీ చెప్పకపోయినా పర్వాలేదు. అది ఒక్కటీ అలా ఉండనియ్యి."

అన్నకి మొదట అర్థం కాలేదు. తమ్ముడి మొహం చూశాడు. తమ్ముడి చొక్కా జేబు చూశాడు. ఆ తర్వాత స్టూలు మీంచి లేచి వచ్చి, కత్తి ముందు వంగి, ఆ గంటు మీద వేలు పెట్టి చూశాడు. మళ్ళీ తమ్ముడి జేబు వైపు చూశాడు. ఉత్తరం ఏ కత్తి కింద తెగిందో ఆ గంటే చెప్తుంది.

ఇరవై రెండేళ్ళు ఒకే మెషిన్ మీద ఇద్దరూ పని చేసినవాళ్ళు. ఒకరికి తెలిసిన పని ఇంకొకరికి వివరించి చెప్పక్కర్లేదు.

"వెళ్ళిరా చిన్నా. చీకటి పడుతోంది," అన్నాడు అన్న.

బైండరు సగం వేసిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాడు. పది అడుగులు నడిచాడో లేదో వెనక చప్పుడైంది. తిరిగి చూశాడు.

షట్టరు లోపలి నుంచి నేల దాకా దిగింది. దాని కింద సందులో బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.